విజయోత్సవం – సామూహిక ఉత్తేజం

ఒక జట్టు గెలిస్తే, మైదానంలో అడుగైనా పెట్టని లక్షలాది మంది తామే గెలిచినట్లు ఎందుకు సంతోషిస్తారు? ఈ భాగంలో ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

2024 జూన్ 29న బార్బడోస్‌లో జరిగిన టీ20 ప్రపంచకప్ ఫైనల్‌లో భారత జట్టు దక్షిణాఫ్రికాపై 7 పరుగుల తేడాతో గెలిచింది. జూలై 4న ముంబయిలో క్రీడాకారులను పైకప్పు లేని బస్సులో మెరైన్ డ్రైవ్ మీదుగా వాంఖడే స్టేడియానికి ఊరేగించారు. సముద్రతీరమంతా జనంతో నిండిపోయింది. మరునాడు హైదరాబాదులో మహమ్మద్ సిరాజ్‌కు కూడా ఇలాంటి స్వాగతమే లభించింది.

ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమిలీ డర్క్‌హైమ్ 1912లో ప్రచురించిన గ్రంథంలో మతాచారాలను విశ్లేషిస్తూ ‘సామూహిక ఉత్తేజం’ అనే భావనను వివరించాడు. జనం ఒకచోట చేరి, ఒకే వస్తువుపై దృష్టి నిలిపి, ఒకే రకంగా ప్రవర్తించినప్పుడు ఒకరి ఉద్వేగం మరొకరికి పాకి బలపడుతుంది. మన రథోత్సవాలలో కనిపించేది ఇదే. విజయోత్సవంలో రథానికి బదులు బస్సు, ఉత్సవమూర్తికి బదులు కప్పు ఉంటాయి. టీవీలో మరింత స్పష్టంగా కనిపించే దృశ్యం కోసం జనం వీధిలోకి రావడానికి కారణం పదిమందితో కలిసి చూడటంలోని ఆనందమే. ఆ కాసేపు కులం, భాష, హోదా అడగకుండా అపరిచితులు చేతులు కలుపుతారు.

అయితే ఇదే ఉత్తేజం ప్రమాదానికీ దారితీయవచ్చు. 2025 జూన్ 4న బెంగళూరులో ఐపీఎల్ విజయోత్సవ సందర్భంగా చిన్నస్వామి స్టేడియం వెలుపల జరిగిన తొక్కిసలాటలో 11 మంది మరణించారు. కిక్కిరిసిన గుంపులో ముందు దారి మూసుకుపోయిన సంగతి వెనుకవారికి తెలియదు. కాబట్టి భద్రతను వ్యక్తుల విచక్షణకే వదలలేం. రాకపోకల దారులు, సమాచార వ్యవస్థ ముందే సిద్ధంగా ఉండాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: మీ ఊరి జాతరలో సామూహిక ఉత్తేజాన్ని పెంచే మూడు అంశాలను గుర్తించండి. అక్కడి భద్రతా ఏర్పాట్లు సరిపోతాయా? చర్చించండి.