ప్లీడరు గారి గడప తొక్కే ముందు



కోర్టు పక్షీ, ఆసుపత్రి పక్షీ ఎవరింటి మీదా వాలకూడదని కోరుకుంటాం. కానీ పొలం, ఇల్లు, అప్పుపత్రం ఉన్నచోట ఎప్పుడో ఒకసారి ప్లీడరు దగ్గరికి వెళ్ళక తప్పదు. మా వారు కోయిలకుంట్లలో ప్లీడరు. గుమాస్తా రాని రోజుల్లో కొత్త పార్టీల కాగితాలు సర్ది ఫైలు కట్టే పని నాదే.

ఆమధ్య సంజామల వైపు నుంచి ఒకావిడ వచ్చింది. భర్త పోయి ఏడాదైంది. శనగలు అమ్మిన డబ్బు తెలిసినవాళ్ళకే అప్పిచ్చారట. ప్రోనోటు ట్రంకుపెట్టెలో, చీర మడతల్లో భద్రంగా దాచింది. "నోటీసు ఇప్పించినాం కదమ్మా, ఇంక భయమేముందిలే అనుకుంటిమి" అంది. తారీఖు చూశాను. మూడేళ్ళు దాటి పదకొండు రోజులు!

1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, అడిగినప్పుడు ఇస్తానని రాసిన ప్రోనోటు మీద ఆ తారీఖు నుంచి మూడేళ్ళలోగా దావా వెయ్యాలి. నోటీసు పంపినంత మాత్రాన గడువు ఆగదు. గడువు లోపలే బాకీదారు కొంత సొమ్ము కట్టి, నోటు వెనక సంతకం పెట్టి చెల్లు వేస్తే మాత్రం ఆనాటి నుంచి మళ్ళీ మూడేళ్ళు వస్తుంది. ఆవిడ నోటు వెనకవైపు తెల్లగా ఉంది. మా వారు దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, మాట్లాడకుండా ఆవిడ చేతికే ఇచ్చేశారు. అందుకే చెబుతున్నాను. ఇంట్లో ఉన్న ప్రతి నోటు తారీఖూ క్యాలెండరు వెనక రాసి పెట్టుకోండి. ప్లీడరు దగ్గర మీ కష్టం చెప్పడం మొదలుపెట్టక ముందే ఆ తారీఖు చెప్పండి.

కొత్తగా వచ్చినవాళ్ళను మేము మొట్టమొదట అడిగేది, "ఎవరి మీదమ్మా?" అని. ఇది ఆరా తియ్యడం కాదు. ఎదుటివాళ్ళు అంతకుముందే ఆ విషయంలో అదే ప్లీడరు సలహా తీసుకుని ఉంటే, ఆయన మీ తరఫున నిలబడకూడదు. చిన్న ఊళ్ళో ఇది తరచూ ఎదురవుతుంది. పేరు ముందే చెబితే మీ రహస్యం చెప్పక ముందే తేలిపోతుంది.

ఇక పేర్ల సంగతి. ఆధార్‌లో లక్ష్మీదేవి, పాసు పుస్తకంలో లక్ష్మమ్మ, రిజిస్టరు దస్తావేజులో ఇంటిపేరు పుట్టింటిది. ముగ్గురూ ఒకరేనని మీకు తెలుసు, కోర్టుకు తెలియాలి కదా! ఏ కాగితంలో ఎలా ఉందో ముందే చెబితే దావాలో అన్ని పేర్లూ కలిపి రాస్తారు. పాత దస్తావేజుల్లో కర్నూలు జిల్లా అని ఉంటే మాత్రం కంగారుపడకండి. కోయిలకుంట్ల నంద్యాల జిల్లాలోకి వెళ్ళింది 2022 ఏప్రిల్ 4న. అది తప్పు కాదు.

మన వైపు ఒక ఆడమనిషి ప్లీడరు దగ్గరికి వస్తే వెంట మరిది, బావ, పక్కింటాయన, ఆటో అబ్బాయి కూడా లోపలికి వచ్చి కూర్చుంటారు. ఆవిడ తప్ప అందరూ మాట్లాడతారు. మీరు ప్లీడరుకు చెప్పిన మాట ఆయన మీ అనుమతి లేకుండా బయటపెట్టరాదని 1872 సాక్ష్య చట్టం చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ ఆ రక్షణ ఉంది. ఆ కట్టుబాటు ప్లీడరుకే గాని పక్కింటాయనకు లేదు. వాళ్ళను కాసేపు అరుగు మీద కూర్చోమనడం మర్యాద తప్పినట్టేమీ కాదు.

తర్వాత వకాల్తా. మీ తరఫున పనిచెయ్యడానికి ప్లీడరుకు మీరిచ్చే రాతపూర్వకమైన అధికారం ఇది. అచ్చుకాగితమే గదా అని చివర సంతకం గీకి ఇచ్చేస్తాం. సాధారణంగా అందులో రాజీ పడే అధికారం, కోర్టు నుంచి డబ్బు తీసుకునే అధికారం కూడా ఉంటాయి. అక్కర్లేని అధికారం ఉంటే కొట్టేయమని అడగవచ్చు. కోర్టు పేరు, మీ పేరు, ఎదుటివారి పేరు నింపాకే సంతకం పెట్టండి. వేలిముద్ర వేసేవారైతే చదివి వినిపించమనండి. వకాల్తాతో పాటు నాలుగు తెల్లకాగితాల మీద కూడా సంతకాలు తీసుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. పల్లె నుంచి మాటిమాటికీ రాలేరు కదా అని చెబుతారు. మా ఇంట్లోనూ ఉండేది. నేనే పోరి మాన్పించాను, నాలుగు రోజులు మాటల్లేకపోయినా సరే!

అసలు దస్తావేజులు మొదటిరోజే ఇచ్చి రావద్దు. నకళ్ళు ఇచ్చి, అసలువి చూపించి, వెనక్కి తెచ్చుకోండి. దావాకు అసలువి కావలసి వచ్చినప్పుడు ఏమేమి ఇచ్చారో జాబితా రాసి దాని మీద సంతకం తీసుకోండి. ఫీజు బాకీ ఉందని ప్లీడరు మీ కాగితాలు పట్టుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. ఫీజు వేరే దారిలో వసూలు చేసుకోవచ్చు. మా వారికి ఈ సంగతి నేను రేడియోలో చెబుతున్నానని తెలియదు.

ఫీజుకు చేతిలో డబ్బు లేదని ఆగిపోయేవారికి ఒక మాట. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడరును ఇవ్వవచ్చు. కోర్టులో న్యాయసేవల కమిటీకి ఒక అర్జీ పెట్టుకోవాలి. ఫోనులో అడగాలంటే 15100. అక్కడికి వెళ్ళేటప్పుడు కూడా ఆ తారీఖుల చీటీ, నకళ్ళూ సంచిలో పెట్టుకునే వెళ్ళండి.