కందిపొడికి తోడు ఆవకాయా, నెయ్యా?

పచ్చళ్లు, పొడులు ఆన్‌లైన్‌లో అమ్మే బౌరంపేట్ పాఠకురాలు ఒకరు ఇలా అడిగారు: “మా దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా పోయేది ఆవకాయ. అందుకే ఎవరు ఏది కొన్నా దాని కింద ఆవకాయ బొమ్మే పెడుతున్నాం. అయినా అమ్మకాలు పెరగట్లేదు. ఎందుకు?” ఈ ప్రశ్న వెనక ముచ్చటైన లెక్క ఒకటి దాగి ఉంది.

కొంటున్న సరుకుకు తోడుగా మరొకటి చూపించి అమ్మడమే క్రాస్ సెల్లింగ్. కందిపప్పు తూస్తూ “చింతపండు కూడా ఇమ్మంటారా?” అని కిరాణా కొట్టాయన అడిగేది అదే. ఆయనకు అనుభవం చెబుతుంది. వెబ్‌సైట్‌కు పాత బిల్లులు చెప్పాలి.

లెక్క కోసం వెయ్యి ఆర్డర్లు అనుకుందాం. 600 ఆర్డర్లలో ఆవకాయ, 200లో కందిపొడి, 100లో నెయ్యి ఉన్నాయి. కందిపొడి ఉన్న 200లో 120 మంది ఆవకాయ కూడా కొన్నారు, 50 మంది నెయ్యి కొన్నారు. 120 పెద్ద సంఖ్య కాబట్టి ఆవకాయ చూపించడమే మేలనిపిస్తుంది. కానీ 200లో 120 అంటే 60 శాతం. మొత్తం ఆర్డర్లలోనూ ఆవకాయ వాటా అంతే! కందిపొడి కొన్నంత మాత్రాన ఆవకాయ మీద మోజు పిసరంత కూడా పెరగలేదు. నెయ్యి సంగతి చూడండి: మొత్తంలో 10 శాతం, కందిపొడి కొన్నవారిలో 25 శాతం. రెండున్నర రెట్లు! ఈ రెట్ల లెక్క పేరే ‘లిఫ్ట్’. అది ఒకటైతే సంబంధం లేనట్టు, ఒకటి దాటితే జోడీ కుదిరినట్టు, తగ్గితే ఒకటి కొన్నవారు రెండోదాన్ని పక్కన పెడుతున్నట్టు.

ఇందులో ఉద్దండులూ తడబడ్డారు. 1993లో ఐబీఎం పరిశోధకుడు రాకేశ్ అగ్రవాల్ బృందం బిల్లుల నుంచి ఇలాంటి సూత్రాలు రాబట్టే దారి వేసింది. అయితే వారు నమ్ముకున్న కొలత ఆ 60 శాతం లాంటిదే. అది ఎలా మోసం చేస్తుందో గూగుల్ పుట్టక ముందే, 1997లో, సెర్గీ బ్రిన్, రాజీవ్ మోత్వానీ తదితరులు టీ, కాఫీ ఉదాహరణతో తేల్చి చూపారు.

ఇక బౌరంపేట్‌కు దగ్గర్లోని గుండ్లపోచంపల్లిలో 2015లో ఫ్లిప్‌కార్ట్ తెరిచిన గోదాము లాంటి చోట సరుకులు లెక్కలేనన్ని. వంద సరుకులకే 4,950 జతలు, మూడేసి చొప్పున 1,61,700 గుంపులు! 1994లో అగ్రవాల్, రామకృష్ణన్ శ్రీకాంత్ దీనికి విరుగుడు కనిపెట్టారు. అరుదుగా అమ్ముడయ్యే సరుకు ఏ గుంపులో ఉన్నా ఆ గుంపూ అరుదే. కాబట్టి దాన్ని ముందే ఏరిపారేస్తే లక్షల లెక్కలు తప్పుతాయి. ‘ఏప్రియరీ’ అనే ఈ పద్ధతిలోని అందమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

కొన్ని వెబ్‌సైట్లు ఇంత చక్కటి లెక్కను వదిలేసి, అడగని వస్తువును బుట్టలో వేసి బిల్లు పెంచుతున్నాయి. ఇది క్రాస్ సెల్లింగ్ కాదు, మోసం. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ప్రకటించిన 13 ‘డార్క్ ప్యాటర్న్స్’లో ఇదీ ఒకటి.

అమ్మా, ఆవకాయను ఎలాగూ వెతుక్కుంటూ వస్తారు. మీ పాత బిల్లులు ముందేసుకుని లిఫ్ట్ లెక్కకట్టండి. రెండు మూడు బిల్లుల్లో మాత్రమే కలిసి కనిపించిన జతలను నమ్మకండి. పదే పదే కలిసి వచ్చినవాటిలో లిఫ్ట్ ఎక్కువున్న ఒక్కదాన్నే చూపించండి.