బొమ్మలో లేని పులి



గత నెల నాలుగో తరగతిలో ఒక అడవి బొమ్మ చూపించి, "ఏమేం కనిపిస్తున్నాయి?" అని అడిగాను. నీటి ఒడ్డున నాలుగు దుప్పులున్న బొమ్మ అది. అందరూ దుప్పులు, చెట్లు, నీళ్లు అన్నారు. ఒక బాబు మాత్రం "పులి" అన్నాడు. "పులి ఎక్కడుంది? సరిగ్గా చూడు" అన్నాను. పిల్లలు నవ్వారు. బాబు మళ్లీ నోరు విప్పలేదు.

మరుసటి రోజు దగ్గర కూర్చోబెట్టుకుని కారణం అడిగాను. "నాలుగూ ఒకే దిక్కు చూస్తున్నాయి మిస్. చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఒకటి కాలు ఎత్తింది. అట్ల చూస్తే ఆడ పులో చిరుతో ఉన్నట్లేనని మా తాత చెప్పినాడు" అన్నాడు. వాళ్ల తాత నల్లమల అంచున బర్రెలు మేపుతారు. ఆయన మాట నిజమే. ప్రమాదం పసిగట్టిన దుప్పులు అలాగే నిలబడి చూస్తాయి, ముందు కాలితో నేలను తడతాయి, అరిచి మిగతావాటిని హెచ్చరిస్తాయి. ఆ రోజు సరిగ్గా చూడనిది నేనే.

బొమ్మలోని వాటికి పేర్లు చెప్పడం మొదటి మెట్టు. కనిపించే గుర్తులను బట్టి కనిపించని సంగతిని ఊహించడం రెండోది. ఆ ఊహ నిలుస్తుందో లేదో సరిచూసుకోవడం మూడోది. ఇంగ్లిష్ కాంప్రహెన్షన్‌కూ, సైన్స్‌కూ కావలసిన అలవాటు ఇదే.

పండితులదీ ఇదే పని. మన పక్కనే కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం కేతవరంలో ఆదిమానవులు రాళ్ల మీద ఎర్ర రంగుతో గీసిన జంతువుల బొమ్మలున్నాయి. ఇలాంటివి వేట ఫలించాలని గీసినవేనని ఒకప్పుడు చాలామంది భావించారు. అయితే ఫ్రాన్స్‌లో 1940లో బయటపడిన లాస్కో గుహలో దొరికిన ఎముకలు ఎక్కువగా రెయిన్‌డీర్‌వి. గోడల మీద మాత్రం గుర్రాలే ఎక్కువ, రెయిన్‌డీర్ దాదాపు లేదు. తిన్నది ఒకటి, గీసింది మరొకటి! దాంతో పండితులు కూడా తమ ఊహను మళ్లీ సరిచూసుకోవలసి వచ్చింది.

ఈ ఆదివారం క్యాలెండర్‌లోనో, పేపర్‌లోనో ఒక జంతువు బొమ్మ తీసుకుని మీ పిల్లలను మూడు ప్రశ్నలు అడగండి.

1. ఇందులో ఏం జరుగుతోంది?
2. ఏది చూసి అలా అంటున్నావు?
3. ఇంకా ఏం కనిపిస్తోంది?

జవాబు తెలుగులో చెప్పినా పర్వాలేదు. ముందు ఆలోచన రానివ్వండి, ఇంగ్లిష్ మాటలు మేం నేర్పుతాం. జవాబు పొసగకపోతే "తప్పు" అనకండి, "మళ్లీ చూద్దాం" అనండి.

ఆ బాబుకు క్లాసులో అందరి ముందే సారీ చెప్పాను. ఇప్పుడు నేను ఏం చెప్పినా పిల్లలే నన్ను అడుగుతున్నారు: "ఏది చూసి మిస్?"