పిడికెడు పౌడరు... ఒక ముఖం!

చిన్నప్పుడు నేల క్లాసులో కూర్చుని సినిమా చూస్తూ, ఎప్పుడైనా తల వెనక్కి తిప్పారా? ప్రొజెక్టరు గది కన్నంలోంచి తెర దాకా వెలుగు ఒక బాటలా పడుతుంది. ఆ బాటలో దుమ్మూ, ఎవరో కాల్చిన బీడీ పొగా మెరుస్తూ తేలుతుంటాయి. అవి లేకపోతే ఆ బాట మన కంటికే ఆనదు! పౌడరు చల్లి తీసే ఫోటోల రహస్యమంతా అదే. వెలుగుకి ఒళ్ళు తొడగడం!

మొన్న ఫాల్గుణంలో భద్రాచలం వైపు వెళ్ళాను. పాల్వంచ దాటాక రోడ్డుకి అటూ ఇటూ అడవి, నిప్పు అంటుకున్నట్టు మోదుగుపూలు. హోళీ పున్నమి నాడే రామయ్య పెళ్ళి పనులు మొదలవుతాయి కదా, తలంబ్రాల బియ్యంలో గులాలు కలుపుతారు. ఆ సంబరం చూసి, అడవి అంచున ఉన్న ఒక పల్లెలో దిగాను. అక్కడ నాకో తమ్ముడున్నాడు. సొంత తమ్ముడు కాదు, సినిమా పిచ్చి కలిపిన తమ్ముడు! ఊళ్ళో రామాయణం ఆడితే రావణుడు వాడే. కుడి చెంప మీద బెత్తెడు మచ్చ, చిన్నప్పుడు కాలిన గుర్తు.

"అన్నా, నాకొక్క ఫోటో తియ్యాలె" అన్నాడు.

"టౌన్లో తీయించుకున్నావుగా?"

"అండ్ల మచ్చ లేదే! కంప్యూటర్ల తుడిచిండు. ఆ ఫోటో జూసి హైదరాబాద్ పిలిచిండ్రు. మనిషిని జూసి పంపించిండ్రు."

ఇంకేం మాట్లాడను?

గొంగడే తెర

వాళ్ళ రేకుల గదే మా స్టూడియో. నల్ల తెర ఎక్కడ తెస్తాం? వాళ్ళ తాత గొంగడి గోడకి వేలాడదీశాం. వెలుగుని అలా మింగేసే గుడ్డ మరోటి లేదు! దానికి ఐదడుగుల ముందు స్టూలు. ఫ్లాషు మాత్రం వాడి వెనక, ఓ పక్కగా, కెమెరాకి కనబడకుండా పెట్టాను. ఎదురుగా వెలుగు కొడితే పౌడరు చప్పగా, సున్నం మరకలా వస్తుంది. వెనకనుంచి కొడితే రేణువు రేణువూ వెలుగుతుంది.

మరి ముఖం? రెండోవైపు తెల్ల పంచె ఒకటి కట్టాను. ఆ వెలుగే పంచె మీద పడి, మెత్తగా తిరిగి చెంప మీద వాలుతుంది. ఇది నా తెలివి కాదు సుమండీ! 1956లో వచ్చిన 'అపరాజితో'కి సుబ్రతా మిత్రా తెల్ల గుడ్డల మీద వెలుగు కొట్టి, సెట్టులో పగటి వెలుతురు పుట్టించారు. మనకి పంచె చాలు!

మైదా వద్దు బాబూ!

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. మొదట నేను సంచీలో తెచ్చింది మైదా, పెళ్ళి వీడియోల హాలోజన్ దీపం. సంచీ విప్పుతుంటే తైవాన్ సంగతి గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. 2015 జూన్ 27న అక్కడొక వాటర్ పార్కులో జనం మీద రంగుల మొక్కజొన్న పిండి చల్లారు. గాల్లోనే భగ్గుమంది. 15 మంది చనిపోయారు, గాయపడ్డవారు దాదాపు 500 మంది! డబ్బాలో ఉన్న పిండి మెల్లగా మాడుతుందేమో గానీ, గాల్లో తేలే పిండికి చుట్టూ గాలే. ఒక్క వేడి దీపం చాలు.

మైదా వంటింటికి, హాలోజన్ సంచీలోకి! ముఖానికి రాసే టాల్కం పౌడరు రాతిపొడి, అది అంటుకోదు. కానీ ఊపిరితిత్తులకి మంచిది కాదు. అందుకే చల్లేవాళ్ళకి ముక్కుకి గుడ్డ, మధ్యమధ్య తలుపులు బార్లా. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఈ ఛాయలకే రాకూడదు. కెమెరాకి ప్లాస్టిక్ కవరు తొడిగి, లెన్సుకి మాత్రం కన్నం పెట్టాను.

ఒకటి... రెండు... మూడు!

జల్లెడ పట్టుకున్నది వాళ్ళమ్మ!

"ఏందిరా బిడ్డా, డబ్బడు పౌడరు పారబోస్తుండ్రు! రేపు నీ పెండ్లాం ఏం పూసుకుంటది?"

గది చీకటి చేశాం. చీకట్లో కెమెరా తనంతట తాను ఫోకస్ పట్టలేదు గనక, ముందే కంటి మీద పట్టి కదలనివ్వలేదు. షట్టరు 160వ వంతు, ఎఫ్ 8. అసలు పట్టు ఫ్లాషులో ఉంది. దాని బలం పదహారో వంతుకి తగ్గిస్తే, చాలా ఫ్లాషుల్లో ఆ మెరుపు సెకనులో పదివేలో వంతుకి దరిదాపుల్లో ఉంటుంది. పడే పౌడరు పడుతున్నట్టే ఆగిపోతుంది.

కళ్ళు మూసుకోమంటాను, ఆమె జల్లిస్తుంది, రెండు అంకెలు లెక్కపెట్టి "ఊఁ!" అంటాను, వాడు కళ్ళు తెరుస్తాడు. ఒకసారి తుమ్ము. ఒకసారి నవ్వు. ఒకసారి పౌడరంతా ముక్కు మీదే! 1948లో ఫిలిప్ హాల్స్‌మన్, చిత్రకారుడు డాలీని గాల్లో ఎగిరే పిల్లులూ నీళ్ళతో కలిపి తీయడానికి పాతికపైగా సార్లు ప్రయత్నించాడట. మాకు నలభై ఒకటి పట్టింది.

నలభై ఒకటోసారి వాడు నవ్వలేదు, కోపం నటించలేదు. ఊరికే చూశాడు. జుట్టు మీంచి తెల్లని మంచు జారుతోంది. చెంప మీద మచ్చ, వర్షానికి తడిసిన రాయిలా మెరిసింది. దాచలేదు, దిద్దలేదు.

వాళ్ళమ్మకి రెండు ఫోటోలూ చూపించాం. పాతదాన్ని పక్కకి తోసేసింది.

"గాడెవడో నాకు తెల్వదు. గిదే నా కొడుకు" అంది.

ఆ రాత్రే ఫోటో హైదరాబాద్ పంపాం. జవాబు ఇంకా రాలేదు. వస్తే ముందు మీకే చెబుతాను!