తెరిచిన కన్ను మెలకువకు గుర్తేనా?

మీరు కొల్లేటిలో దోనె మీద పోతున్నారనుకోండి. కిక్కిస గడ్డిలోంచి ఓ కొంగ చివాలున లేచింది. చూడాలని మీరు అనుకోకముందే మీ చూపు అటు మళ్ళుతుంది.

ఇప్పుడొక ఆట ఆడండి. స్నేహితుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, మీ రెండు చేతులూ పక్కలకు చాచి, ఏదో ఒక చేతి వేలు కదపండి. వేలు కదిలిన వైపు కాక, రెండో వైపు చూడమనండి. ఒకటి రెండు సార్లయినా పొరబడతాడు. ఎందుకని? కదిలిన దానివైపు చూపు దానంతటదే పోతుంది. దాన్ని ఆపి, ఎదురు దిక్కుకు తిప్పాలంటే మెదడు ముందుభాగం పనిచేయాలి. అంటే ఇందులో కంటి కదలికే కాదు, ఆలోచన కూడా ఉన్నదన్నమాట!

శాస్త్రజ్ఞులు కోతులకు ఇటువంటి ఆటే నేర్పారు. వేలికి బదులు వెలుగు చుక్క. సరిగా చూస్తే బహుమానం. తర్వాత కెటమిన్ అనే మత్తుమందును స్పృహ పోనంత కొద్ది మోతాదులో ఇచ్చారు. కోతులు మేలుకునే ఉన్నాయి. కళ్ళు కదులుతూనే ఉన్నాయి. కాని చుక్క వైపే చూసే పొరపాట్లు పెరిగాయి. చూపు తిప్పడంలో ఆలస్యమూ కనిపించింది.

కెటమిన్‌ను 1962లో అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు కాల్విన్ స్టీవెన్స్ తయారుచేశాడు. నాడీకణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే రసాయనాల్లో గ్లుటమేట్ ముఖ్యమైనది. ఆ కబురు అందుకునే ద్వారాల్లో ఒక రకాన్ని కెటమిన్ మూసివేస్తుంది.

పూర్తి మోతాదు ఇచ్చినప్పుడు ఇంకా వింత. రోగి కళ్ళు తెరిచే ఉండవచ్చు. కనుగుడ్లు అటూ ఇటూ ఆడుతుండవచ్చు. కాని కత్తి కోత అతనికి తెలియదు! ఈథర్ మత్తులో అలా కాదు. మత్తు లోతయ్యేకొద్దీ కనుగుడ్లు కదలిక మాని నిలిచిపోతాయి. పూర్వం వైద్యులు దీన్ని చూసి మత్తు లోతును అంచనా వేసేవారు. కెటమిన్ దగ్గర ఆ గుర్తు పనికిరాదు.

ఒక్క గుర్తునే నమ్మడం ప్రమాదమని మన హైదరాబాదు కథ కూడా చెబుతుంది. అక్కడ 1888లోను, 1889లోను డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పూనికతో రెండు క్లోరోఫారం సంఘాలు ఏర్పడ్డాయి. రెండోదానికి నిజాం ధనసహాయం చేశాడు. కుక్కలు, కోతులు వంటి జంతువులపై ప్రయోగాలు జరిగాయి. ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు. కనుక శ్వాసను కనిపెట్టి ఉంటే చాలునని లారీ వాదించాడు. కాని క్లోరోఫారం మత్తు తేలికగా ఉన్నప్పుడు కూడా గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగవచ్చునని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై చేసిన ప్రయోగాలతో చూపాడు.

అందుకే నేడు మత్తు వైద్యుడు శ్వాస, నాడి, రక్తపుపోటు, రక్తంలోని ఆక్సిజన్ అన్నింటినీ కనిపెట్టి ఉంటాడు. కన్ను తెరిచి ఉన్నంత మాత్రాన మనిషి మేలుకున్నట్టు కాదు సుమా!