ఉక్కుకు నకలు నేర్పిన అవుసులాయన

కరీంనగర్ జిల్లా కురిక్యాల పక్కన బొమ్మలగుట్ట ఉంది. క్రీ.శ. 945 ప్రాంతంలో కన్నడ మహాకవి పంప తమ్ముడు జినవల్లభుడు అక్కడి బండ మీద మూడు భాషల్లో శాసనం చెక్కించాడు. అందులో తెలుగు కందాలు మూడు. నన్నయకు వందేళ్ల ముందటి కందాలు! వాటిని చూడాలంటే గుట్ట ఎక్కాలి, లేదా నకలు తీయాలి. తడి కాగితాన్ని బండకు అంటించి బ్రష్షుతో గట్టిగా కొడితే అది అక్షరాల గాళ్లలోకి దిగుతుంది. పైన సిరా అద్దితే కాగితమంతా నల్లబడి, అక్షరం తెల్లగా మిగులుతుంది.

లోహం మీద నగిషీ చెక్కి అచ్చు వేసేవాళ్లది దీనికి తలకిందుల పని. సిరా గాడిలోనే నింపుతారు. పైభాగం శుభ్రంగా తుడిచి, తడి కాగితం పెట్టి బలంగా ఒత్తితే గాడిలోని సిరా కాగితానికి అంటుకుని లేస్తుంది. ఆ పలకలు రాగివి; చిక్కల్లా ఆ రాగితోనే. అది మెత్తన. ఒత్తిడికీ తుడుపుకీ సన్నగీతలు అరిగిపోతాయి. మళ్లీ చెక్కిస్తే, ఎంత పనిమంతుడైనా అదే గీత రెండోసారి రాదు. బ్యాంకు నోట్లూ ఇలాగే అచ్చయ్యేవి; ఒకే బ్యాంకు నోట్లు ఒకదానికొకటి పోలకపోతే దొంగనోటును పట్టేదెలా?

ఈ ముడి విప్పినవాడు జేకబ్ పెర్కిన్స్. 1766లో అమెరికాలోని న్యూబరీపోర్టులో పుట్టాడు. చిన్నప్పుడే అవుసుల పనిలో చేరాడు. గురువు పోతే చిన్నవయసులోనే కొలిమి తనే నడిపాడు. ఇరవై ఒకటో ఏట మాసచుసెట్స్ రాగి నాణేలకు అచ్చులు చెక్కాడు. మేకులు కోసే యంత్రమూ చేశాడు. కానీ నాకు అతని ఉక్కు పలకే అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది.

ఉక్కును కాల్చి మెత్తబరిచి, దాని మీద ఒక్కసారి బొమ్మ చెక్కాలి. మళ్లీ కాల్చి గట్టిపరచాలి. దాని మీద మెత్తటి ఉక్కు రోలరును విపరీతమైన ఒత్తిడితో అటూ ఇటూ దొర్లిస్తే, పలకలోని గాడి రోలరు మీద గట్టుగా లేస్తుంది. ఇప్పుడు రోలరును గట్టిపరిచి ఇంకో మెత్తటి పలక మీద దొర్లించాలి. గట్టు మళ్లీ గాడవుతుంది, వెంట్రుకవాసి తేడా లేకుండా. ఎన్నిసార్లు దొర్లిస్తే అన్ని బొమ్మలు. మనిషి చెయ్యి కదిలింది మాత్రం ఒక్కసారే.

1819లో పెర్కిన్స్ లండన్ వెళ్లాడు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఆయన పద్ధతి తీసుకోలేదు. ఇరవై ఏళ్లు గడిచాక తపాలా శాఖకు అవసరం పడింది. హీత్ తండ్రీకొడుకులు చెక్కిన విక్టోరియా రాణి బొమ్మ ఒక్కటే. దాన్నే రోలరుతో 11 పలకల మీదికి, పలకకు 240 చొప్పున ఎక్కించారు. 1840 మే 6న చలామణిలోకి వచ్చిన పెన్నీ బ్లాక్, ప్రపంచపు తొలి అంటించే తపాలా బిళ్ల, అదే. ఆవిరిని కుదించి చల్లబరిచే యంత్రానికి 1834లో పేటెంటు పొందిందీ పెర్కిన్సే. మన ఇళ్లలోని ఫ్రిజ్ ఆ దారిలో వచ్చిందే. 1849లో లండన్‌లో కన్నుమూశాడు.

నిజాం సర్కారు 1871 నుంచి లండన్‌లోని బ్రాడ్‌బరీ విల్కిన్‌సన్ కంపెనీలో వేయించిన బిళ్లలూ చెక్కుడు పలకల మీద అచ్చైనవే. వాటిపై తెలుగులోనూ వెల ఉంటుంది. ఆ కాలపు బిళ్లను భూతద్దం కింద పెట్టి చూడండి. బొమ్మలగుట్ట నకలులో తెల్లగా మిగిలే అక్షరం ఇక్కడ సిరాతో సన్నని గట్టులా లేచి కనిపిస్తుంది.