రెండు పాత టీషర్టులు, ఒక చలి అంగీ

పిల్లలూ, హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే దారికి కాస్త పక్కగా, నల్లమల అడవుల ముంగిట అచ్చంపేట అనే ఊరున్నది. మునుపు అది మహబూబ్‌నగరు జిల్లాలో ఉండేది. 2016లో నాగర్‌కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు ఆ జిల్లాలోకి వచ్చింది. అక్కడినుంచి దక్షిణంగా పోయి ఘాటు ఎక్కితే మన్ననూరు, అమ్రాబాదు వస్తాయి. ఆ ప్రాంతంలో మార్గశిర పుష్య మాసాలలో చలి ఒక చిత్రమైన చలి. తెల్లవారుజామున పళ్ళు టకటక కొట్టుకుంటాయి. పదకొండు గంటలయ్యేసరికి ఎండ చురుక్కుమంటుంది. పొద్దున వేసుకున్న మందపు స్వెట్టరు మధ్యాహ్నానికి మోత బరువు అవుతుంది.

ఆ ఊళ్ళోనే మా చెల్లెలి కాపరం. దానికి ఇద్దరు పిల్లలు. పిల్ల అయిదో తరగతి, పిల్లవాడు మూడో తరగతి. ఒకసారి సంక్రాంతికి వారం రోజుల ముందు నేను వెళ్ళేసరికి ఇంట్లో పెద్ద యుద్ధం జరుగుతున్నది. ఇంటికి ఉన్నది ఒక్కటే స్వెట్టరు!

"నిన్న నువ్వే వేసుకున్నవు. ఇయ్యాల నాది!" అని తమ్ముడు ఒక చెయ్యి పట్టి లాగాడు.

"నాకు పొట్టిగైనంక నీకిస్తరు. అప్పటిదాంక ఆగు!" అని అక్క రెండో చెయ్యి లాగింది.

స్వెట్టరు దక్కకపోతే బడికి పోనని పిల్లవాడు చెట్టెక్కి కూర్చున్నాడు. ఆ వారంలో అప్పటికే రెండు రోజులు బడి మానాడట. ఇంకో స్వెట్టరు కొనాలంటే పత్తి అమ్మిన డబ్బు చేతికి రావాలి. పత్తి ఇంకా ఇంట్లోనే ఉన్నది.

పొయ్యి దగ్గర గొంగడి కప్పుకుని కూర్చున్న నాయినమ్మ ఇదంతా చూసి, "ఒక్కదాని కోసం కొట్టుకుంటరేంది బిడ్డా? మీ తాత గొర్ల కాడ పండుకున్నప్పుడు సెటరుండెనా? లోపల పాత బనీను, దాని మీద అంగీ, ఆపైన గొంగడి. మూడు మడతలేస్తే చలి ఏడికెల్లి వస్తది?" అన్నది.

పిల్లలు నవ్వారు. ముసలమ్మ మాట నాకు మాత్రం నవ్వులాట అనిపించలేదు. ఆమె చెప్పినది అక్షరాలా నిజం. ఎందుకో చెబుతాను, వినండి.

బట్టలు మనకు వేడి ఇస్తాయని చాలామంది అనుకుంటారు. బట్టలో వేడి ఎక్కడున్నది? రాత్రంతా దండెం మీద వేలాడిన స్వెట్టరును ముట్టుకుని చూడండి, చల్లగానే ఉంటుంది. వేడి పుట్టేది మన ఒంట్లో. తిన్న జొన్నరొట్టె, అన్నం లోపల నిదానంగా ఖర్చవుతూ ఒంటిని సుమారు 37 డిగ్రీల వేడిమిలో ఉంచుతాయి. బయట పది పన్నెండు డిగ్రీలే ఉంటే ఆ వేడి బయటికి పారిపోవాలని చూస్తుంది. దాన్ని పోనీయకుండా ఆపటమే బట్ట చేసే పని.

నిజానికి ఆపేది బట్టకన్న బట్టలో చిక్కుకున్న గాలి. కదలని గాలి వేడిని చాలా మెల్లగా పోనిస్తుంది. నీరు అలా కాదు, గాలికన్న ఇరవై రెట్లకు మించిన జోరుతో వేడిని లాగేస్తుంది. తడిగుడ్డ కట్టుకుంటే వణుకు రావటానికి అదొక కారణం. అందుచేత బట్ట ఎంత మందం అన్నదానికన్న, అందులోనూ దాని మడతల నడుమా ఎంత గాలి కదలకుండా నిలిచి ఉన్నది అన్నదే ముఖ్యం. ఒకే దళసరి అంగీకన్న రెండు పలుచని అంగీలు ఒకదానిపై ఒకటి వేసుకుంటే మధ్యన ఇంకొక గాలిపొర దొరుకుతుంది. పైగా ఎండ వచ్చాక ఒకటి విప్పి సంచిలో పెట్టుకోవచ్చు. పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ ఉండే ఊళ్ళకు ఇంతకన్న తగిన ఉపాయం నాకు తెలియదు.

ఇందుకు ఒక తమాషా నిదర్శనం ఉన్నది. 1933లో నార్వే దేశపు సైనికాధికారి హెన్రిక్ బ్రున్ చేపలు పట్టే వలలతో ఒక బనీను కుట్టించాడు. అన్నీ చిల్లులే! కాని దాని మీద ఇంకొక అంగీ వేసుకోగానే ఆ చిల్లులలో గాలి నిలిచి, ఒళ్ళు వెచ్చగా ఉన్నది. 1953లో ఎవరెస్టు ఎక్కిన దండు కూడా ఇలాంటి వలబనీన్లను వెంట తీసుకుపోయింది. చిల్లులు చలిని ఆపాయంటే వింతగానే ఉంటుంది. పైన అంగీ లేకుండా వేసుకుంటే మాత్రం అది వట్టి వలే.

నాయినమ్మ గొంగడి చేసే పనీ ఇదే. గొంగడిని కురుమలు దక్కని గొర్రెల నల్ల ఉన్నితో నేస్తారు. ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరించి, ఏకి, వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. ఉన్నిపోగు వంకరటింకరగా ఉంటుంది గనక రెండు పోగుల మధ్య గాలి ఇరుక్కుంటుంది. ఇంకొక గుణం ఏమిటంటే, ఉన్ని తన బరువులో మూడోవంతుకు దగ్గరగా తేమ పీల్చుకున్నా తడిగా తోచదు. అయితే దక్కని ఉన్ని మోటు ఉన్ని, ఒంటికి తగిలితే గుచ్చుకుంటుంది. తాత లోపల పాత బనీను వేసుకోవటానికి అదీ ఒక కారణమే. మాంసానికి గిరాకీ హెచ్చి, కాపరులు చాలామంది నెల్లూరు జాతి గొర్రెలకు మళ్ళటంతో నల్లగొర్రెలు తగ్గిపోయాయి. అలా మంచి గొంగడి దొరకటమూ కష్టమైంది. ఆ ఇంట్లో ఉన్న ఒక్క గొంగడి నాయినమ్మది. దాన్ని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

గొంగడి రాకపోయినా బనీను వస్తుంది కదా! మా చెల్లెలితో, "మీ ఆయన పాత టీషర్టులు ఉన్నాయా?" అన్నాను. అది నాలుగు తెచ్చి ముందు పడేసింది. మెడలు సాగినవి, రంగు వెలిసినవి. రెండింటితో ఒక పిల్లకు లోపల వేసుకునే నిండుచేతుల అంగీ వస్తుంది. నాలుగింటితో ఇద్దరికీ సరి. ఖర్చు ఒక దారపు ఉండ!

కుట్టేముందు ఈ బట్ట తత్వం తెలుసుకోవాలి. గొంగడి, చీర, చొక్కా గుడ్డ నేసిన బట్టలు. వాటిలో నిలువు పోగులు, అడ్డ పోగులు ఒకదాని మీదుగా ఒకటి పోతాయి. బనీను గుడ్డ అల్లిన బట్ట. బారెడు దారం తీసుకుని ఒక ఉచ్చు వేయండి. అందులోనుంచి దారాన్ని ఇంకొక ఉచ్చుగా లాగండి, దానిలోనుంచి మరొకటి. గొలుసులా వస్తుంది. దాన్ని సాగదీస్తే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. ఇలాంటి గొలుసులు వందలాదిగా పక్కపక్కన అల్లుకుంటే అదే బనీను గుడ్డ. ఆ ఉచ్చులే గాలి గూళ్ళు. సాగుతుంది గనక గుండీలు లేకుండానే తలమీదుగా తొడుక్కోవచ్చు, ఒంటికి అతుక్కుని ఉంటుంది. ఈ అల్లికకు మొదటి యంత్రం 1589లో ఇంగ్లండులో విలియం లీ అనే ఆయన చేశాడు. మన దేశంలో బనీన్లకు పేరుపడ్డ ఊరు తమిళనాడులోని తిరుప్పూరు.

సరే, ఇక కత్తెర పట్టండి. చిన్నపిల్లలైతే అమ్మనో అక్కనో పక్కన కూర్చోబెట్టుకోండి. మా పిల్లకు ఛాతీ చుట్టుకొలత 26 అంగుళాలు. మీ కొలత వేరైతే లెక్క మార్చుకోండి.

మొదటి టీషర్టు పక్క కుట్లు విప్పి, ముందు ముక్క, వెనక ముక్క వేరుచేయాలి. ఒక్కొక్కటి 14 అంగుళాల వెడల్పు, 21 అంగుళాల పొడవు కత్తిరించాలి. ఛాతీలో సగం 13, రెండు పక్కలా కుట్టుకు చెరి అరంగుళం. మామూలు చొక్కాకైతే వదులు కోసం ఇంకా కలుపుతాము. ఇక్కడ కలపకూడదు, గుడ్డే సాగుతుంది. ఒక్కటి మరవకండి: గుడ్డను అటూ ఇటూ లాగి చూసి, ఎటు ఎక్కువ సాగుతుందో ఆ వైపు ఒంటిచుట్టూ వచ్చేలా పరచాలి. పొరపాటున అడ్డం తిప్పితే అంగీ తలలోనుంచి దిగదు.

మెడకు 6 అంగుళాల వెడల్పు. లోతు ముందు 3 అంగుళాలు, వెనక ఒకటిన్నర. చంక గుండ్రం తీయటం కొత్తవారికి కష్టం కనక మేము తీయలేదు. రెండో టీషర్టు ముందు భాగంలోనుంచి ఒక చెయ్యి, వెనక భాగంలోనుంచి ఒక చెయ్యి కత్తిరించాము. పొడవు పద్దెనిమిదిన్నర అంగుళాలు. భుజం దగ్గర వెడల్పు 14, మణికట్టు దగ్గర 8. పై నుంచి కిందికి సాపుగా సన్నబడుతూ పోతుంది, అంతే.

కుట్టే వరస ఇది. ముందు రెండు భుజాలు కలపాలి. తరవాత అంగీని బల్లపరుపుగా పరిచి, చేతుల వెడల్పు అంచు నడిమిని భుజం కుట్టుకు ఆనించి, రెండు చేతులూ కుట్టాలి. ఆ పైన తిరగేసి మడిచి, మణికట్టు నుంచి చంకదాకా, చంకనుంచి నడుందాకా ఒకే కుట్టు. రెండో పక్కా అలాగే. మెడ పావు అంగుళం, చేతులు, కింది అంచు ఒక అంగుళం మడిచి కుడితే అంగీ తయారు. కత్తిరించిన అంచులు చాపలా చుట్టుకుపోతుంటే భయపడకండి, అది ఈ గుడ్డ స్వభావం. గుండుసూదులు గుచ్చుకుంటూ పొండి.

ఇంత చెప్పిన నేను మొదటి అంగీని పాడుచేశాను సుమా! కాలిమిషను మీద చొక్కాకు కుట్టినట్టే నూలుదారంతో బిగుతుగా మెడ కుట్టేశాను. చూడటానికి ముచ్చటగా ఉన్నది. పిల్లవాడు సంతోషంగా తల దూర్చాడు. "పెద్దమ్మా, టప్పుమన్నది!" అన్నాడు. మెడ చుట్టూ దారం మూడుచోట్ల తెగింది. గుడ్డ సాగింది, దారం సాగలేదు మరి! నాయినమ్మ ఏమీ అనలేదుగాని, గొంగడి చాటున నవ్విందని నా అనుమానం.

విప్పి మళ్ళీ చేత్తో కుట్టాను. సూదిని ఒక అడుగు ముందుకు, అర అడుగు వెనక్కు తెచ్చే బఖియా కుట్టు ఇందుకు మంచిది. దారాన్ని బిగించకూడదు. జానెడు కుట్టగానే గుడ్డను కొద్దిగా సాగదీసి, దారాన్ని దానితోపాటు సర్దుకోనివ్వాలి. నూలుకన్న పాలియెస్టరు దారం కొంచెం నయం. మీ మిషనులో వంకీల కుట్టు ఉంటే సన్నటి వంకీ పెట్టండి. సూది మొన మరీ వాడిగా ఉంటే ఉచ్చును కోసేస్తుంది, ఆ ఉచ్చు జారితే నిలువునా నిచ్చెనలా విడిపోతుంది. మొన గుండ్రంగా ఉండే సూది బాల్‌పాయింట్ సూదని అడిగితే దుకాణంలో ఇస్తారు.

గుడ్డ విషయంలో నా పట్టుదల ఒకటి: టీషర్టు నూలుదే ఎంచుకోండి. పల్లెలలో పొద్దున్నే పిల్లలు చలిమంట చుట్టూ చేరతారు. పాలియెస్టరు గుడ్డకు నిప్పురవ్వ తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలుకూ ఒక లోపం ఉన్నది. చెమట పీల్చి తడిసి అలాగే ఉంటుంది, అప్పుడు చలి రెట్టింపు. అందుచేత ఆటల గంటకు ముందు ఈ అంగీ విప్పెయ్యాలి. రాత్రి ఉతికి ఆరవేసి, పూర్తిగా ఆరితేనే మర్నాడు తొడుక్కోవాలి.

తొడుక్కోవటంలోనూ వరస ఉన్నది. ఈ అంగీ అన్నిటికన్న లోపల, ఒంటికి ఆని ఉండాలి. దానిపై బడి చొక్కా, ఆపైన స్వెట్టరో శాలువో కొంచెం వదులుగా ఉండాలి. పైది బిగుతైతే లోపలి గాలి నలిగిపోయి, పడ్డ శ్రమ వృథా అవుతుంది.

నాలుగో రోజు పొద్దున ఇద్దరూ లోపల కొత్త అంగీలు, పైన బడి చొక్కాలు వేసుకుని బయలుదేరారు. స్వెట్టరు దండెం మీదనే ఉన్నది. మరీ మంచు కురిసిన రోజున మాత్రం ఒకరికి స్వెట్టరు, ఒకరికి తల్లి శాలువ అని ఒప్పందం కుదిరింది. ఎవరి వంతు ఎప్పుడో క్యాలెండరు మీద గీతలు పెట్టుకున్నారు. ఆ గీతల మీద కూడా తగువు వచ్చిందనుకోండి, అది వేరే కథ.

నా మాట నమ్మకం కలగకపోతే మీరే పరీక్షించండి. ఒకే రకం స్టీలు గ్లాసులు మూడు తీసుకోండి. పెద్దల చేత మూడింటిలోనూ సమానంగా వేడినీళ్ళు పోయించి, పైన పళ్ళాలు మూతపెట్టండి. ఒకటి ఊరికే వదిలేయండి. రెండోదానికి దళసరి తువాలు ఒకటి గట్టిగా బిగించి చుట్టండి. మూడోదానికి ముందు బనీను గుడ్డ, దాని మీద అలాంటి తువాలే వదులుగా చుట్టండి. అరగంట తరవాత బడిలోని ఉష్ణమాపకంతో మూడింటినీ కొలిచి రాసుకోండి. తరవాత మూడోదాని బనీను గుడ్డను తడిపి, పిండి, మళ్ళీ చుట్టి, అదంతా తిరిగి చెయ్యండి. మా పిల్లవాడు ఈ పరీక్ష చేసినప్పుడు నాలుగో గ్లాసు కావాలన్నాడు. ఎందుకంటే, నాయినమ్మ గొంగడి కొస ఒకటి దానికి చుట్టి చూడాలట! ఆమె గొంగడి తియ్యలేదు. గ్లాసునే తన ఒడిలో పెట్టుకుని అరగంట కూర్చున్నది.